‘బ్లడీ హండ్రెడ్త్’ – నూరవ బాంబర్ గ్రూపు యుద్ధచరిత్ర: అంకెలు, ఐతిహ్యం

వ్యాససంగ్రహం

రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు స్థావరాల నుంచి జర్మనీపై పగటిపూట బాంబుదాడులు చేసిన అమెరికా ఎనిమిదో వైమానికదళంలో నూరవ బాంబర్ గ్రూపు ఒకటి. దానికి ‘బ్లడీ హండ్రెడ్త్’, అంటే ‘నెత్తుటి నూరవ గ్రూపు’ అనే పేరు స్థిరపడింది. అన్ని గ్రూపులలోకీ అదే ఎక్కువ నష్టపోయిందన్న నమ్మకం, ఆ నష్టానికి తమలోనే ఒక పైలట్ చేసిన తప్పు కారణమన్న ఐతిహ్యం ఈ పేరును అంటిపెట్టుకొని ఉన్నాయి. నష్టాల అంకెలను, దాడుల క్రమాన్ని ఆ ఐతిహ్యం పక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఆ గ్రూపు ప్రత్యేకత నష్టాల మొత్తంలో కాక, అవి కొద్దిరోజుల్లోనే మూకుమ్మడిగా వచ్చిపడటంలో ఉన్నదనీ, ఐతిహ్యం యుద్ధప్రణాళికలోని లోపాల భారాన్ని ఒక అనామక పైలట్ మీదికి మళ్ళించిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రెండో ప్రపంచయుద్ధం, ఎనిమిదో వైమానికదళం, నూరవ బాంబర్ గ్రూపు, బి-17, ఐతిహ్యం, యుద్ధస్మృతి.

1. ఉపోద్ఘాతం

సైనికదళాల చరిత్రకు దాడి నివేదికలు, నష్టాల పట్టికలు, పురస్కారపత్రాలు ప్రధాన ఆధారాలు. వీటితోపాటు ఆ దళంలో పనిచేసినవారు తమలో తాము చెప్పుకొన్న కథలు కూడా ఉంటాయి. జానపద విజ్ఞానం ఇటువంటి కథలను ఐతిహ్యాలుగా గుర్తిస్తుంది. ఐతిహ్యాన్ని చెప్పేవారు జరిగిన సంగతిగానే చెప్తారు. దానిలో స్థలం, కాలం, వ్యక్తి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు ఒక సమాధానం ఉంటుంది. మన పల్నాటి కథలో మహాయుద్ధానికి మూలం కోడిపందెం దగ్గర కనబడుతుంది. రాజ్యం కోసం జరిగిన పోరు కన్నా పందెంలో జరిగిన మోసమే జనం జ్ఞాపకంలో గట్టిగా నిలిచింది.

యంత్రాలతో, గణాంకాలతో నడిచిన ఇరవయ్యో శతాబ్దపు యుద్ధంలోనూ ఇటువంటి ఐతిహ్యం పుట్టింది. నూరవ బాంబర్ గ్రూపు అందుకు మంచి ఉదాహరణ. ఆ గ్రూపు 1943 జూన్ నుంచి 1945 ఏప్రిల్ వరకు 306 దాడుల్లో పాల్గొన్నది. వాటిలో 177 విమానాలు సిబ్బందితో సహా తిరిగి రాలేదు. ఈ రెండు అంకెలు నమోదుల్లో ఉన్నాయి. అయితే ఇంగ్లండులోని ఇతర స్థావరాల్లో ఆ గ్రూపు పేరు చెప్పగానే వినిపించినది ఈ అంకెలు కాదు, ఒక కథ. ఆ కథ ఎలా పుట్టింది, ఎవరికి ఉపకరించింది, ఎవరిపై నేరం మోపింది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు.

2. గ్రూపు ఏర్పాటు, స్థావరం

నూరవ బాంబర్ గ్రూపు 1942 జూన్ 1న ఫ్లోరిడాలోని ఒర్లాండోలో ప్రారంభమైంది. దీనిలో 349, 350, 351, 418 సంఖ్యలు గల నాలుగు స్క్వాడ్రన్లు ఉన్నాయి. మొదటి కమాండర్ డార్ ఆల్కైర్. ఇంగ్లండుకు బయలుదేరకముందే ఒక సుదూర శిక్షణయానంలో విమానాలు చెల్లాచెదురైపోవడంతో ఆయనను తప్పించారు. క్రమశిక్షణ తక్కువ గల గ్రూపు అనే మాట అప్పటి నుంచే దీనిని వెన్నంటింది. ఐతిహ్యం పుట్టడానికి ఈ పూర్వాభిప్రాయం నేలను సిద్ధం చేసిందని చెప్పవచ్చు.

1943 జూన్‌లో గ్రూపు ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో ఉన్న థార్ప్ ఆబట్స్ స్థావరానికి చేరింది. పొలాల మధ్య రన్‌వేలు, రేకుల గుడిసెలు, ఒక కంట్రోల్ టవర్, సుమారు మూడువేలమంది సిబ్బంది అక్కడ ఉండేవారు. ఎగిరేవారు అందులో కొద్దిమందే. మిగిలినవారు మెకానిక్కులు, బాంబులు ఎక్కించేవారు, వంటవారు, వైద్యులు, గుమస్తాలు. రాత్రంతా చలిలో ఇంజన్లు బాగుచేసిన మెకానిక్కు తెల్లవారుజామున విమానాన్ని పంపి, మధ్యాహ్నం ఆకాశంవైపు చూస్తూ తిరిగివచ్చే విమానాలను లెక్కపెట్టేవాడు. తాను పంపిన విమానం రాకపోతే మర్నాడు కొత్త విమానం, కొత్త సిబ్బంది అతని చేతికి వచ్చేవారు. ఎగిరేవారికి నిర్ణీత సంఖ్యలో దాడులు పూర్తయితే సెలవు లభించేది. నేలమీది సిబ్బందికి అటువంటి గడువు లేదు. అందువల్ల ఎగిరే సిబ్బంది ఎన్నిసార్లు మారినా గ్రూపు జ్ఞాపకాలు నేలమీది సిబ్బంది దగ్గర నిలిచి ఉండేవి.

3. పగటిదాడుల సిద్ధాంతం, విమానంలోని పదిమంది

1943 జనవరిలో కాసాబ్లాంకాలో జరిగిన సమావేశం తరువాత బ్రిటిష్, అమెరికన్ బాంబర్లు జర్మనీపై ఉమ్మడి దాడులు చేపట్టాయి. బ్రిటిష్ వైమానికదళం రాత్రివేళ నగరాలపై దాడి చేసేది. అమెరికన్లు పగటిపూట కర్మాగారాలను, రైలుకేంద్రాలను, చమురు శుద్ధి కేంద్రాలను గురిచూసి కొట్టాలని సంకల్పించారు. దీని వెనుక రెండు నమ్మకాలు ఉన్నాయి. నార్డెన్ గురిపరికరంతో ఎంతో ఎత్తు నుంచి కూడా లక్ష్యాన్ని కొట్టవచ్చునన్నది మొదటిది. నిండా మెషీన్‌గన్లు ఉన్న భారీ బాంబర్లు దగ్గరదగ్గరగా ఎగిరితే, రక్షక యుద్ధవిమానాలు తోడు లేకపోయినా తమను తాము కాపాడుకోగలవన్నది రెండోది. 1943లో జరిగిన నష్టాలకు ఈ రెండో నమ్మకమే ప్రధాన కారణం.

నూరవ గ్రూపు నడిపినవి నాలుగు ఇంజన్ల బి-17 విమానాలు. ఒక్కొక్క దానిలో పదిమంది: పైలట్, కో-పైలట్, నావిగేటర్, బాంబార్డియర్, పై టరెట్‌లో గన్నరుగా కూడా పనిచేసే ఇంజనీరు, రేడియో ఆపరేటర్, విమానం కడుపు కింద గోళంలో ముడుచుకొని కూర్చునే గన్నరు, నడుము భాగంలో ఇద్దరు గన్నర్లు, తోకలో ఒక గన్నరు. సుమారు 25,000 అడుగుల ఎత్తులో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలకు దిగిపోయేది. విమానంలో గాలిపీడనం నిలిపే ఏర్పాటు లేదు. అందరూ ఆక్సిజన్ మాస్కులతో, విద్యుత్తుతో వేడెక్కే దుస్తులతో గంటలకొద్దీ ఉండేవారు. శత్రువు తూటా తగలకపోయినా చేతివేళ్ళు, ముఖం గడ్డకట్టి ఆసుపత్రి పాలైనవారు ఎందరో ఉన్నారు.

మూడు స్క్వాడ్రన్ల విమానాలను ముందు, పైన, కింద మెట్లుగా అమర్చి, ఇటువంటి గ్రూపులు మూడింటిని కలిపి ఒక పెట్టె ఆకారపు వ్యూహంగా నడిపేవారు. ఈ వ్యూహాన్ని రూపొందించడంలో కర్టిస్ లెమే పాత్ర ముఖ్యమైనది. అయితే వ్యూహంలో అన్ని స్థానాలూ సమానం కావు. అందరికన్నా కింద, అందరికన్నా వెనుక ఎగిరేవారికి చుట్టుపక్కల తుపాకుల రక్షణ తక్కువ. వ్యూహం కాస్త సడలితే మొదటి దెబ్బ వారికే. ఏ గ్రూపు ఏ స్థానంలో ఎగరాలో పైఅధికారులు నిర్ణయించేవారు. ఈ అంశాన్ని ఐతిహ్యం పూర్తిగా విస్మరించింది.

1943లో ఒక్కొక్కరు 25 దాడులు పూర్తిచేస్తే స్వదేశానికి వెళ్ళవచ్చు. తరువాత ఈ సంఖ్యను 30కి, ఆపైన 35కి పెంచారు. ఒక్కొక్క దాడిలో నూటికి నాలుగు విమానాలు కూలుతాయనుకొంటే, 25 దాడుల చివరకు నూటికి 36 మంది మాత్రమే మిగులుతారు. గుడిసెలో పక్కమంచం ఎన్నిసార్లు ఖాళీ అయిందో చూసినవారికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు.

4. రెగెన్స్‌బర్గ్, బ్రెమెన్, మ్యూన్‌స్టర్

1943 జూన్ 25న బ్రెమెన్‌పై జరిగిన తొలిదాడిలోనే గ్రూపు మూడు విమానాలను, ముప్పైమందిని కోల్పోయింది. జులైలో నీల్ హార్డింగ్ కమాండరయ్యాడు.

ఆగస్టు 17న ఎనిమిదో వైమానికదళం జంటదాడి తలపెట్టింది. ఒక బలగం రెగెన్స్‌బర్గ్‌లోని మెస్సర్‌ష్మిట్ విమాన కర్మాగారాన్ని, మరొకటి ష్వైన్‌ఫర్ట్‌లోని బాల్‌బేరింగ్ కర్మాగారాలను కొట్టాలి. రెండూ దాదాపు ఒకే వేళకు జర్మనీలో ప్రవేశిస్తే జర్మన్ ఫైటర్లు రెండుగా చీలిపోతాయని ప్రణాళిక. కాని ఆ ఉదయం ఇంగ్లండును పొగమంచు కమ్మింది. రెగెన్స్‌బర్గ్ బలగం దాడి ముగించి ఉత్తర ఆఫ్రికాలో దిగవలసి ఉన్నందున ఎక్కువసేపు ఆగే వీలు లేదు. అది ముందు బయలుదేరింది. రెండో బలగం కొన్ని గంటలు ఆలస్యమైంది. ఫలితంగా జర్మన్ ఫైటర్లు ముందు ఒక బలగంతో పోరాడి, నేలకు దిగి, ఇంధనం, మందుగుండు నింపుకొని, మళ్ళీ లేచి రెండోదాన్ని ఎదుర్కొన్నాయి. నాటి అమెరికన్ రక్షకవిమానాలు జర్మనీ సరిహద్దు దాకా మాత్రమే తోడు రాగలిగేవి.

రెగెన్స్‌బర్గ్‌కు వెళ్ళిన 146 బాంబర్ల వరుసలో నూరవ గ్రూపుది చిట్టచివరి స్థానం, అందులోనూ కింది వరుస. అది పంపిన 21 విమానాల్లో తొమ్మిది తిరిగి రాలేదు. ఆ బలగం మొత్తం నష్టం 24. అంటే అందులో మూడోవంతుకు మించిన భాగం ఒక్క గ్రూపుదే. ఆ రోజు పరిశీలకుడిగా ‘పికడిల్లీ లిలీ’ అనే విమానంలో ఎగిరిన బీర్న్ లే తాను చూసినదాన్ని అదే సంవత్సరం నవంబరులో ‘సాటర్డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో వ్యాసంగా ప్రచురించాడు. తీవ్రంగా దెబ్బతిన్న విమానాన్ని విడిచిపెట్టక లక్ష్యం దాకా నడిపిన మేజర్ గేల్ క్లీవెన్‌కు అత్యున్నత పురస్కారం ఇవ్వాలని ఆయన సిఫారసు చేశాడు. క్లీవెన్‌కు దాని తరువాతి స్థాయి పురస్కారం లభించింది. గ్రూపుకు విశిష్ట దళ పురస్కారం ప్రకటించారు.

అక్టోబరు 8న బ్రెమెన్‌పై దాడిలో గ్రూపు ఏడు విమానాలను కోల్పోయింది. వాటిలో క్లీవెన్ విమానం ఒకటి. లండన్‌లో సెలవులో ఉన్న ఆయన మిత్రుడు మేజర్ జాన్ ఈగన్ ఈ వార్త విని వెంటనే స్థావరానికి తిరిగివచ్చి, తరువాతి దాడికి తానే వెళ్తానన్నాడు. ఆ దాడి అక్టోబరు 10, ఆదివారం నాటి మ్యూన్‌స్టర్ దాడి. గ్రూపు నుంచి లక్ష్యం దాకా వెళ్ళిన విమానాలు పదమూడు. కొద్ది నిమిషాల్లో వాటి వ్యూహం చెదిరిపోయింది. పన్నెండు కూలిపోయాయి. ఈగన్ విమానమూ వాటిలో ఉన్నది. తరువాత క్లీవెన్, ఈగన్ ఇద్దరూ స్టాలాగ్ లుఫ్ట్-3 అనే యుద్ధఖైదీల శిబిరంలో కలుసుకొన్నారు.

ఆ సాయంత్రం థార్ప్ ఆబట్స్‌కు తిరిగివచ్చింది ఒకే ఒక విమానం. దాని పేరు ‘రాయల్ ఫ్లష్’. పైలట్ రాబర్ట్ రోజెంథాల్, బ్రూక్లిన్‌కు చెందిన యువ న్యాయవాది. అది ఆయనకు మూడో దాడి. తన సొంత విమానం రెండురోజుల ముందు దెబ్బతిన్నందున ఆయన దీనిని తీసుకొని వెళ్ళాడు. రెండు ఇంజన్లు ఆగిపోయి, గన్నర్లు గాయపడిన స్థితిలో దానిని నేలకు దించాడు. మూడు రోజుల వ్యవధిలో పంతొమ్మిది విమానాలు, అంటే సుమారు 190 మంది, ఒక్క స్థావరం నుంచి మాయమయ్యారు. భోజనశాలలో బల్లలు ఖాళీ అయ్యాయి. ‘బ్లడీ హండ్రెడ్త్’ అన్న పేరు బలపడినది ఈ వాతావరణంలోనే.

5. బెర్లిన్, హాంబర్గ్

1944 తొలినెలల్లో దూరం ఎగరగల మస్టాంగ్ రక్షకవిమానాలు పెద్దసంఖ్యలో అందుబాటులోకి రావడంతో పరిస్థితి మారింది. బాంబర్లు తమను తామే కాపాడుకోగలవన్న సిద్ధాంతాన్ని ఆచరణలో విడిచిపెట్టారు. మార్చి 4న బెర్లిన్‌పై బాంబులు వేసిన తొలి అమెరికన్ బాంబర్లలో నూరవ గ్రూపు విమానాలు ఉన్నాయి. మార్చి 6న జరిగిన భారీదాడిలో ఎనిమిదో వైమానికదళం 69 బాంబర్లను కోల్పోయింది. వాటిలో 15 నూరవ గ్రూపువి. తోడువిమానాలు పలచబడిన చోట జర్మన్ ఫైటర్లు గుంపుగా విరుచుకుపడటం ఇందుకు కారణం. మార్చి 8న గ్రూపు మళ్ళీ బెర్లిన్ వెళ్ళింది. ఈ మూడు దాడులకుగాను దానికి రెండో విశిష్ట దళ పురస్కారం వచ్చింది.

1944 డిసెంబరు 31న హాంబర్గ్ చమురు కేంద్రాలపై దాడిలో మరో పన్నెండు విమానాలు పోయాయి. ఆ రోజు ఆకాశంలో ఒక అపూర్వ సంఘటన జరిగింది. గ్లెన్ రోజాన్ నడుపుతున్న విమానమూ, దాని కింద ఎగురుతున్న మరో బి-17 ఢీకొని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయడం సాధ్యం కాలేదు. రోజాన్, కో-పైలట్ విలియం లీక్ రెండు విమానాల బరువును కలిపి మోస్తూ, దూకగలిగినవారు దూకేదాకా నిలిపి, ఉత్తర జర్మనీలో నేలకు దించారు. ఆ ఇద్దరూ బతికారు, యుద్ధఖైదీలయ్యారు.

రోజెంథాల్ తన వంతు దాడులు పూర్తయినా ఇంటికి వెళ్ళలేదు. మొత్తం 52 దాడుల్లో పాల్గొన్నాడు. 1945 ఫిబ్రవరి 3న బెర్లిన్ దాడిలో ఆయన విమానం కూలినప్పుడు సోవియట్ సేనలు ఆయనను కాపాడాయి. యుద్ధం తరువాత నూరెంబర్గ్ యుద్ధనేరాల విచారణల్లో అభియోగపక్షం బృందంలో పనిచేశాడు.

6. అంకెలు చెప్పేదేమిటి?

పై వివరాలను క్రోడీకరిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 1943 ఆగస్టు 17న 9, అక్టోబరు 8న 7, అక్టోబరు 10న 12, 1944 మార్చి 6న 15, డిసెంబరు 31న 12 విమానాలు పోయాయి. ఈ ఐదు రోజుల మొత్తం 55. గ్రూపు కోల్పోయిన 177 విమానాల్లో ఇది నూటికి 31 వంతులు. 306 దాడుల్లో ఐదు దాడులంటే నూటికి రెండు కన్నా తక్కువ. మిగిలిన దాడుల్లో ఒకటి, రెండు విమానాలు పోయిన రోజులు ఉన్నాయి. ఒక్క విమానమూ పోకుండా అందరూ తిరిగివచ్చిన రోజులు అనేకం ఉన్నాయి.

ఇతర గ్రూపులతో పోల్చినప్పుడు, ఎనిమిదో వైమానికదళంలో అత్యధిక నష్టం నూరవ గ్రూపుది కాదు. బాసింగ్‌బోర్న్ స్థావరం నుంచి ఎగిరిన 91వ బాంబర్ గ్రూపు 197 విమానాలను కోల్పోయింది. ఆగస్టు 17న కూడా అందరికన్నా ఎక్కువ నష్టపోయింది నూరవ గ్రూపు కాదు. ష్వైన్‌ఫర్ట్ వెళ్ళిన 381వ గ్రూపు 11, 91వ గ్రూపు 10 విమానాలను పోగొట్టుకొన్నాయి. అయినా ఆ గ్రూపులకు ఇటువంటి పేరు రాలేదు.

నష్టం కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటే స్థావరం దానిని భరించే పద్ధతులు అలవరచుకొంటుంది. ఈ రోజు ఒక సిబ్బంది, వచ్చేవారం మరొక సిబ్బంది పోయినా, మిగిలినవారు కొత్తవారికి పని నేర్పుతారు, పాతవారిని తలచుకొంటారు. పదమూడింటిలో పన్నెండు పోయిన సాయంత్రం నేర్పేవారు, తలచుకొనేవారు కూడా లేరు. కాబట్టి ‘నెత్తుటి’ అన్న విశేషణం పట్టికలోని చివరి మొత్తాన్ని సూచించదు. అది ఆ మొత్తం ఏయే రోజుల్లో ఎలా పేరుకొన్నదో సూచిస్తుంది. ఈ అర్థంలో ఆ పేరు సత్యమే. అదే అత్యధిక నష్టం పొందిన గ్రూపు అన్న అర్థంలో మాత్రం సరికాదు.

7. చక్రాలు దించిన విమానం: ఐతిహ్య విశ్లేషణ

ఈ పేరుకు కారణంగా ప్రచారంలో ఉన్న కథ ఇది. ఒక దాడిలో నూరవ గ్రూపుకు చెందిన ఒక బాంబర్ తీవ్రంగా దెబ్బతిన్నది. దాని పైలట్ లొంగిపోతున్నట్లు సంకేతంగా చక్రాలు కిందికి దించాడు. యుద్ధమర్యాదను పాటించి జర్మన్ ఫైటర్లు కాల్పులు ఆపి, దానిని నేలకు దించడానికి ఇరుపక్కల తోడుగా ఎగిరాయి. అంతలో బాంబర్‌లోని గన్నర్లు ఆ ఫైటర్లను కాల్చి కూల్చారు. పైలట్ చక్రాలు పైకి తీసుకొని పారిపోజూశాడు. అప్పటి నుంచి జర్మన్ వైమానికదళం నూరవ గ్రూపుపై పగబట్టింది. తోకమీద చదరంలో ‘డి’ అక్షరం కనబడితే చాలు, ఆ విమానాలనే వెతికి వేటాడింది.

ఈ కథకు పాఠాంతరాలు ఉన్నాయి. కొందరు దీనిని రెగెన్స్‌బర్గ్ దాడికి, కొందరు ఆ తరువాతి దాడులకు ముడిపెట్టారు. పైలట్ పేరు మారుతుంది. కూలిన ఫైటర్ల సంఖ్య కూడా మారుతుంది. మారనివి రెండే: చక్రాలు దించడం, పగ తీర్చుకోవడం. జానపద కథల్లో స్థిరమైన మూలాంశాలు, మారే వివరాలు ఉంటాయన్న సూత్రం ఇక్కడ చక్కగా వర్తిస్తుంది.

ఒక విమానం చక్రాలు నిజంగానే దిగి ఉండవచ్చు. బి-17లో చక్రాలు విద్యుత్ మోటార్లతో పనిచేస్తాయి. తూటాలకు వైర్లు దెబ్బతింటే పైలట్ ప్రమేయం లేకుండానే చక్రాలు దిగే అవకాశం ఉంది. పక్క విమానాల్లోనివారికి కనబడినది దిగిన చక్రాలు మాత్రమే. లోపల ఏం జరిగిందో, సంభాషణ యంత్రం పనిచేస్తున్నదో లేదో, గన్నర్లకు పైలట్ ఉద్దేశం తెలుసో లేదో వారికి తెలిసే వీలు లేదు. అటువంటి పోరులో కంటికి కనబడినదానికి, జరిగినదానికి ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి మరొక సాక్ష్యం ఉంది. ఆగస్టు 17 జంటదాడిలో తాము కూల్చామని గన్నర్లు చెప్పుకొన్న జర్మన్ ఫైటర్లు 288. జర్మన్ నమోదుల్లో కనబడే నష్టం అందులో చిన్నభాగం మాత్రమే. వారు అబద్ధం చెప్పలేదు. ఒకే ఫైటరును ఐదారు విమానాల గన్నర్లు కాల్చారు, అది పొగలుగక్కుతూ పడిపోవడం అందరూ చూశారు, ప్రతి ఒక్కరూ తానే కూల్చాననుకొన్నాడు.

పగ అన్న కారణాన్ని అంగీకరించడం మాత్రం కష్టం. పగే కారణమైతే నష్టాలు ఎడతెగక ఉండాలి. ఐదు రోజుల్లో కుప్పపడి, మిగిలిన కాలమంతా ఇతర గ్రూపుల నష్టాలను పోలి ఉండకూడదు. పైగా మ్యూన్‌స్టర్ రోజున పక్కనే ఎగిరిన 390వ గ్రూపు ఎనిమిది, 95వ గ్రూపు ఐదు విమానాలను కోల్పోయాయి. జర్మన్ పైలట్లు గుర్తులు చదివి ఎంచుకొన్నారనడం కన్నా, వ్యూహంలో కింద, వెనుక, సడలిన చోట దాడి చేశారనడం సమంజసం.

మరి ఈ కథ ఎందుకు నిలిచింది? దీనికి మూడు ప్రయోజనాలు కనబడతాయి. మొదటిది, ఇది యాదృచ్ఛికతకు కారణాన్ని సమకూర్చింది. రేపు తన వంతో కాదో తెలియని ఇరవయ్యేళ్ళ యువకుడికి, శత్రువు పగబట్టాడన్న భయంకరమైన సమాధానం కూడా ఏ సమాధానమూ లేకపోవడం కన్నా మేలనిపించి ఉంటుంది. రెండోది, ఇది గ్రూపుకు ఒక ప్రత్యేకతను ఇచ్చింది. శపితులమన్న భావమే కాలక్రమంలో గర్వంగా మారింది. ఇతరులు ఎగతాళిగా, భయంగా అన్న పేరును గ్రూపు సభ్యులే తమ సమావేశాల్లో, తమ జ్ఞాపకాల్లో సొంతం చేసుకొన్నారు.

మూడోది అన్నిటికన్నా ఆలోచించవలసినది. ఈ కథ దోషాన్ని పైనుంచి కిందికి దించింది. తోడులేకుండా బాంబర్లు జర్మనీ నడిబొడ్డుకు వెళ్ళి రాగలవని నమ్మినవారు, పొగమంచులో రెండు బలగాల మధ్య గంటల ఎడం ఏర్పడినా దాడిని కొనసాగించినవారు, ఒక గ్రూపును చిట్టచివరి కింది వరుసలో నిలిపినవారు ఈ కథలో లేరు. ఉన్నది ఒక్క పైలట్. అతడు చనిపోయి ఉండవచ్చు, ఖైదీగా ఉండవచ్చు. ఏ స్థితిలోనూ వచ్చి తన మాట చెప్పుకోగలిగినవాడు కాదు. తిరిగిరాని మనిషిపై నేరం మోపడం తేలిక. అధికారులెవరూ ఈ కథను కావాలని అల్లించారని చెప్పడానికి ఆధారం లేదు. అల్లించవలసిన అవసరం కూడా లేకపోయింది. బాధితులే దానిని చెప్పుకొన్నారు.

8. నేలమీదివారు

ఈ గ్రూపు చరిత్రను ఎగిరినవారి కష్టాలతోనే ముగిస్తే అది సగం చరిత్రే అవుతుంది. బాంబులు పడిన చోట కూడా మనుషులు ఉన్నారు. మ్యూన్‌స్టర్ దాడిలో గురి నగరం నడిబొడ్డు. అక్కడి ఇళ్ళలో రైల్వే కార్మికులు నివసిస్తారనీ, వారిని దెబ్బతీస్తే రైలు రవాణా దెబ్బతింటుందనీ వాదన. కర్మాగారాలనే గురిచూస్తామన్న పగటిదాడుల సిద్ధాంతం ఆ ఆదివారం మధ్యాహ్నం తన హద్దును దాటింది. ఉదయం బ్రీఫింగ్‌లో లక్ష్యం తెలిసినప్పుడు కొందరు వైమానికులు ఇబ్బందిపడ్డారనీ, మిత్రులను పోగొట్టుకొన్న మరికొందరు సంతోషించారనీ తరువాతి జ్ఞాపకాలు తెలుపుతున్నాయి. ఆ రెండు స్పందనలూ ఒకే గదిలో వెలువడ్డాయన్నది గమనార్హం.

గ్రూపు నావిగేటర్ హారీ క్రాస్బీ యుద్ధం తరువాత ఆంగ్ల ఆచార్యుడయ్యాడు. 1993లో వెలువడిన తన స్మృతిగ్రంథంలో ఒక ఉదంతం చెప్పాడు. మేఘాల వల్ల అసలు లక్ష్యాన్ని కొట్టలేకపోయిన ఒక దాడిలో బాన్ నగరం ఎదురైంది. అంతకుముందే గ్రామఫోన్ రికార్డు అట్టమీద బేతోవెన్‌కు ఆ ఊరితో ఉన్న సంబంధాన్ని ఆయన చదివి ఉన్నాడు. అక్కడ బాంబులు వేయవద్దని చెప్పి, రూర్ ప్రాంతంలోని మరో లక్ష్యానికి విమానాలను మళ్ళించాడు. దీనిని సంస్కారానికి నిదర్శనంగా చదవవచ్చు. అయితే ఒక ఊరి బతుకు, మరో ఊరి చావు ఒక రికార్డు అట్టమీది వాక్యంతో తేలిపోయాయన్న భయానక సత్యం కూడా అందులో ఉంది. కింద ఉన్నవారికి కూడా తమ చావుకు కారణం తెలియలేదు. తమ కోసం ఐతిహ్యం కల్పించుకొనే అవకాశం పైన ఎగిరినవారికి దొరికింది, వారిలో చాలామందికి అదీ దొరకలేదు.

1945 మే మొదటివారంలో ఇవే విమానాలు మరొక పని చేశాయి. జర్మన్ ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్ పశ్చిమభాగంలో ఆ చలికాలంలో సుమారు ఇరవైవేలమంది ఆకలితో చనిపోయారు. ‘చౌహౌండ్’ అనే కార్యక్రమంలో భాగంగా నూరవ గ్రూపు విమానాలు బాంబుల అరల్లో ఆహారపు పెట్టెలు నింపుకొని, తక్కువ ఎత్తులో ఎగిరి పొలాల్లో జారవిడిచాయి. కిందివారి ముఖాలు కనబడేంత దగ్గరగా ఎగరడం ఆ సిబ్బందికి అదే మొదటిసారి.

9. ముగింపు

ఎనిమిదో వైమానికదళంలో సుమారు 26,000 మంది చనిపోయారు. నూరవ గ్రూపు వారిలో ఒక భాగం. పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

• ‘బ్లడీ హండ్రెడ్త్’ అనే పేరు నష్టాల మొత్తం వల్ల వచ్చింది కాదు. నష్టాలు కొద్దిరోజుల్లో పేరుకొనడం వల్ల వచ్చింది. ఐదు దాడుల్లోనే దాదాపు మూడోవంతు విమానాలు పోయాయి.

• ఆ నష్టాలకు వ్యూహంలోని స్థానం, తోడువిమానాల కొరత, చెడిపోయిన సమయపాలన వంటి కారణాలు కనబడుతున్నాయి. పగ అనే కారణానికి అంకెల మద్దతు లేదు.

• చక్రాలు దించిన విమానం కథ సిబ్బంది మనోస్థితికి విలువైన సాక్ష్యం. జరిగినదానికి సాక్ష్యంగా దానిని స్వీకరించలేం.

• ఆ కథ యుద్ధప్రణాళికను ప్రశ్నించవలసిన చోట ఒక అనామక సైనికుడిని నిలబెట్టింది.

థార్ప్ ఆబట్స్‌లోని పాత కంట్రోల్ టవర్‌ను స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలు బాగుచేసి 1981లో స్మారక ప్రదర్శనశాలగా తెరిచారు. రన్‌వేలు చాలావరకు మళ్ళీ పొలాలయ్యాయి. మెకానిక్కులు తిరిగివచ్చే విమానాలను లెక్కపెట్టిన ఆ చోటికి వచ్చేవారికి పేరు ముందు తెలుస్తుంది, అంకెలు తరువాత తెలుస్తాయి. చరిత్ర పరిశోధకుడు ఆ రెండింటినీ కలిపి చదివినప్పుడే, తిరిగిరాని ఆ పైలట్‌పై ఎనభై ఏళ్ళుగా నిలిచి ఉన్న నేరారోపణను పునఃపరిశీలించడం సాధ్యమవుతుంది.